అలకు ముడి వెయ్యకూడదు

జయదేవ్ మస్కట్‌లోని ముత్రా చేపల మార్కెట్ నుంచి వంజరం తెచ్చి సింకులో పెట్టాడు. "కోయించలేదు, అక్కడ లైనుంది. నువ్వు చేసేస్తావుగా" అని చేతులు కడుక్కుని వెళ్ళాడు. విజేత సంచి విప్పింది. చేప తలతో, తోకతో, పొట్టలో ఉన్నవాటితో సహా ఉంది. ఆ రోజు శుక్రవారం. మధ్యాహ్నం సినిమా. సినిమా అయ్యాక తెలుగు సంఘం అధ్యక్షుడు వీరభద్రరావు, ఆయన భార్య భోజనానికి వస్తున్నారు. పులుసు, వేపుడు, పప్పు, ఆవిడ చేప తినదు గనక గుత్తివంకాయ. కత్తికి పదును లేదు. పదును పెట్టించమని చెప్పి ఎన్నాళ్ళయిందో విజేతకే గుర్తులేదు.

హాల్లోంచి జయదేవ్ మళ్ళీ అన్నాడు. "విజ్జీ, నువ్వు సినిమాకి రాకపోయినా పర్లేదేమో. పిల్లల సినిమాయేగా. అనూని మేం తీసుకెళ్తాం, నువ్వు నింపాదిగా వంట చేసుకోవచ్చు."

"నేనొస్తాను" అంది విజేత.

"రానీరా" అంది అత్తగారు శేషుకుమారి. ఆవిడ కాకినాడ నుంచి విజిట్ వీసా మీద వచ్చింది. సోఫాలో కూచుని చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. "పన్లు ముందే తెముల్చుకుంటే దానికీ సరదాగానే ఉంటుంది."

విజేత పన్లు ముందే తెముల్చుకుంది. మసాలా నూరుతూ, వంకాయలు కోస్తూ, బియ్యం కడుగుతూ కూడా ఆమె మనసు వంటింట్లో లేదు. సినిమా పేరు 'నూకాలు'. హైదరాబాదులో ఎవరో కంప్యూటర్ బొమ్మలతో తీశారు. పాత బొమ్మల పుస్తకం ఆధారంగా తీసినట్టు ట్రైలర్లో ఒక్క క్షణం అక్షరాలు పడ్డాయి. ఆ అక్షరాలు చూసినప్పటి నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఫ్రిజ్ తెరిచి ఎందుకు తెరిచిందో మర్చిపోతోంది. దార్సైట్‌లో వాళ్ళ ఫ్లాట్ కిటికీలోంచి స్కూలు గోడ, దాని వెనక కొండ కనిపిస్తాయి. ఇన్నేళ్ళలో ఆ కొండను కొండగానే చూసింది. ఆ వారం మాత్రం అది ఎవరో తలగుడ్డ చుట్టుకుని కూచున్నట్టు కనిపించింది.

ఆ పుస్తకం విజేతకు అక్షరాలు రాకముందే ఇంట్లో ఉంది. వాళ్ళ నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరు. బొమ్మలు ఇంకెక్కడో రంగుల్లో అచ్చయి వచ్చేవి, వాటి కింద మాటలు తెనాలిలో పడేవి. పాడైన కాగితాలు తూకానికి వెళ్ళేముందు నాన్న కొన్ని ఏరి, మడిచి, దబ్బనంతో కుట్టి ఇంటికి తెచ్చేవాడు. పిల్లల పుస్తకాలన్నీ వాళ్ళకు అలా వచ్చినవే. ఒకదానికీ అట్ట లేదు. నూకాలు కథ చిన్నది. నూకాలు నాన్న సముద్రం మీదికి వేటకు వెళ్ళాడు. పొద్దుగుంకినా రాలేదు. ఒడ్డున ఉన్నవాళ్ళు తెల్లారాక చూద్దామన్నారు. నూకాలు ఇసకలో కూచుని అల అల్లింది. దాన్ని విసిరింది. అది వెళ్ళి నాన్న పడవను తెచ్చింది. అంతే కథ.

అల అల్లింది అన్నచోట ఐదేళ్ళ విజేతకు చేతినిండా పని దొరికింది. అలను ఎలా అల్లుతారు? దారం ఎక్కడిది? ఏ చివర నుంచి మొదలుపెట్టాలి? బొమ్మలో పిల్ల ఒడినిండా నీలం గీతలున్నాయి తప్ప ఎలాగో చెప్పలేదు. చెప్పనిదంతా విజేతే కనిపెట్టుకుంది. నురగ దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే కొసలు విడివిడిగా కనిపించేది అక్కడే. వెనక్కి నడుస్తూ అల్లాలి, ఎదురుగా నిలబడి అల్లితే అల మీద పడుతుంది. మాట్లాడుతూ అల్లకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఎక్కడా ముడి వెయ్యకూడదు. ముడి వేస్తే అల ఆగిపోతుంది. బళ్ళో బెంచీ కింద, అన్నం తింటూ ఎడమచేత్తో, నిద్రలో కూడా వేళ్ళు ఆడించేదట. "దీని వేళ్ళకు నిద్రుండదు" అనేది అమ్మ. పెళ్ళిచూపుల్లో ఆ వేళ్ళు ఆడుతుంటే పక్కనుంచి అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత వాటికి వేరే పనులు వచ్చాయి.

సినిమాహాల్లో చల్లగా ఉంది. తెర కింద అరబ్బీ అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెడుతున్నాయి. కూతురు అనూహ్య ఒళ్ళో పాప్‌కార్న్, దాంతోపాటు ఇచ్చిన చిన్న బంగారురంగు సంచి. విజేత ఆ సంచి సంగతి గమనించలేదు. ఆమె ఆ ఇసక కోసం ఎదురుచూస్తోంది. నూకాలు ఇసకలో కూచుంది. విజేత వేళ్ళు చీర కుచ్చిళ్ళ మీద కదిలాయి. నూకాలు తలెత్తి, "నేను వల అల్లుతా" అంది. బంగారు దారాలు గాల్లో తిరిగాయి. పాట వచ్చింది. వల పెద్దదై, మెరిసి, పడవను, పడవ వెనకున్న రాక్షసి చేపను కలిపి లాక్కొచ్చింది. హాల్లో పిల్లలంతా తమ సంచులు పైకెత్తి ఊపారు. అవి వలసంచులు. అనూహ్య కూడా ఊపింది.

మార్చేశారు అనుకుంది విజేత. సినిమావాళ్ళు మారుస్తారు, వాళ్ళ బాధ వాళ్ళది. ఇంటికొచ్చి పులుసు వేడిచేసింది, కంచాలు పెట్టింది, అందరికీ వడ్డించింది. సినిమా బాగుందా అని వీరభద్రరావు అడిగింది అనూహ్యను. జవాబు చెప్పింది విజేత.

"బాగుందండీ. కానీ పుస్తకంలో వల కాదు. అల."

"అల ఏంటమ్మా?"

"నూకాలు అల అల్లుతుంది."

వీరభద్రరావు ముల్లు తీసి కంచం అంచున పెట్టాడు. "మా ఇంట్లోనూ ఉండేదమ్మా ఆ పుస్తకం. మా తమ్ముడికి నేనే చదివి పెట్టేవాణ్ణి. వలే. బెస్తవాళ్ళ పిల్ల వల అల్లుతుంది గానీ అల అల్లుతుందా? నీ పుస్తకంలో అచ్చుతప్పు పడి ఉంటుంది."

జయదేవ్ నవ్వాడు. "చూశారా అండీ, ఇన్నేళ్ళూ అచ్చుతప్పుని నమ్ముకుని బతికింది మా ఆవిడ." అందరూ నవ్వారు. అందులో చెడ్డ నవ్వేమీ లేదు. భోజనాల దగ్గర నవ్వుకునే నవ్వే. "పులుసు ఇంకాస్త వెయ్యమ్మా" అన్నాడు వీరభద్రరావు. విజేత వేసింది. గరిటె పట్టుకున్న చేతి వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి.

ఆ తర్వాత ఇంట్లో ఒక కొత్త మాట పుట్టింది. టీ ఆలస్యమైతే "ఏం, అల అల్లుతున్నావా?" చొక్కాకు ఇస్త్రీ కాకపోతే "అమ్మగారు అల అల్లుతూ మర్చిపోయారు." శేషుకుమారి కాకినాడకు ఫోన్ చేసి కూతురికి చెప్పి నవ్వింది. "లోపల అల అల్లుకుంటోందే మీ వదిన." రెండుసార్లు విజేత కూడా నవ్వింది. మూడోసారి నవ్వు రాలేదు, వాళ్ళు గమనించలేదు. అది నిజంగా అచ్చుతప్పే అయ్యుండాలి. వల అల్లింది అంటేనే అర్థముంది. ఆ మాట ఒప్పుకోవడానికి ఆమెకు అభ్యంతరమేమీ లేదు. ఒప్పుకున్నాక మిగిలేదేమిటన్నదే తెలియడం లేదు. పుస్తకంలో అల లేకపోతే ఆ నురగ, ఆ వెనకనడక, ముడి వెయ్యకూడదన్న ఆ కట్టడి, ఇవన్నీ ఎక్కడివి? ఎవరివి? రువీలో తను పనిచేసే షిప్పింగ్ ఆఫీసులో కంటెయినర్ల కాగితాలు చూస్తూ అదే ఆలోచన. సిగ్నల్ దగ్గర అదే. కురుమ్ బీచ్‌కి అనూహ్యను తీసుకెళ్ళి, పిల్ల ఇసకలో ఆడుతుంటే తను అటూ ఇటూ తిరిగింది. ఒక అల వచ్చి కాళ్ళ దగ్గర విడిపోయింది. కొసలు విడివిడిగా కనిపించాయి.

ఆఫీసులో మేనేజర్ కమ్రాన్ కొడుకు స్కూలు పని కోసం ఒక చార్టు కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. "విజేతా జీ, ఆప్ కా హాథ్ అచ్ఛా హై. బేటే కా ఛోటా సా ప్రాజెక్ట్ హై, సముద్రం బొమ్మ." అతను కరాచీవాడు, మర్యాదస్తుడు, ఆమె తెలుగుమనిషని ఒకటి రెండు తెలుగు మాటలు వాడుతుంటాడు. ఇలాంటివి ఆమె చాలా చేసింది. పుట్టినరోజు కార్డులు, నోటీసుబోర్డు, ఓనరు గదికి రంగవల్లి. ఆమె చేతి బాగు గురించి అందరికీ తెలుసు, ప్రమోషన్ల జాబితా వేసేవాళ్ళకు తప్ప. "జీ, ఈ వారం కుదరదు" అంది హిందీలో. కమ్రాన్ కంటే ఎక్కువగా ఆమే ఆశ్చర్యపోయింది.

ఒకరోజు పొద్దున జడ వేస్తుంటే అనూహ్య అడిగింది. "అమ్మా, అల అయితే ఎక్కడ స్టార్ట్ చెయ్యాలి?"

విజేత చేతిలో మూడు పాయలున్నాయి. "నురగ దగ్గర" అంది.

"ఎందుకు?"

"కొసలు అక్కడుంటాయి కాబట్టి."

"మరి ఎండ్‌లో ముడి వేస్తారా?"

"వెయ్యకూడదు. ముడి వేస్తే వల అయిపోతుంది."

ఆ చివరి మాట చిన్నప్పటిది కాదు. అప్పుడే, పిల్ల జడ చేతిలో ఉండగా వచ్చింది. స్కూలు బస్సు హారన్ కొట్టింది. "రిబ్బన్‌కైనా ముడి వెయ్యవే తల్లీ, పిల్ల వెళ్ళాలి" అంది శేషుకుమారి గుమ్మంలోంచి.

ఆ సాయంత్రం విజేత తెనాలికి ఫోన్ చేసింది. అక్క సంగతంతా విని పకపకా నవ్వింది. "అచ్చుతప్పేనే పిచ్చిదానా. వ బదులు అ పడింది. ప్రెస్సులో చూసుకుని మళ్ళీ వేశారు. పాడైనవి కాబట్టేగా మనింటికొచ్చింది. నీకు గుర్తులేదూ? నువ్వు కూడబలుక్కుని చదువుతుంటే నాన్న విని, పెన్సిలు తీసి దిద్దబోయాడు. నువ్వు ఆ కాగితం మీద బోర్లా పడుకున్నావు. లేవవే. అన్నం దగ్గరికి రావే. చివరికి నాన్న 'అల్లుకోనీలే' అని పెన్సిలు చెవి మీద పెట్టుకుని వెళ్ళిపోయాడు. అంత మొండిగా ఉండేదానివి."

"నాకు తెలుసా అక్కా, అది తప్పని?"

"తెలుసు. నాన్న చెప్పాడుగా. తప్పయినా అదే కావాలన్నావు."

ఫోన్ పెట్టేశాక విజేత వంటింట్లోంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి వంటింట్లోకి తిరిగింది. కుక్కరు కూసింది, ఆపింది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆయన దిద్దకుండా వదిలేశాడన్నది ఒక సంగతి. తను దిద్దనివ్వలేదన్నది ఇంకో సంగతి. ఈ రెండోదే ఆమెను కూచోనివ్వడం లేదు. అల పుస్తకంలోది కాదు, పొరపాటునా పట్టుకున్నది కాదు. ముందు వల అని తెలిసి, ఆ తర్వాత అల కావాలనుకుంది. అలాంటప్పుడు ఆ కథ తనదే. తను రాసిన మొదటి కథ.

తర్వాతివి చాలానే రాసింది. జయదేవ్ తెలుగు సంఘానికి సాంస్కృతిక కార్యదర్శి. ఏటా వార్షికోత్సవానికి పిల్లల నాటిక ఉంటుంది, ఏటా అది విజేత రాస్తుంది, సంఘం వేసే చిన్న పుస్తకంలో నాటిక మొత్తం అచ్చవుతుంది. 'రచన, దర్శకత్వం: జయదేవ్' అని పైన ఉంటుంది. మొదటి ఏడు ఆమె అడిగింది. "ఇద్దరం ఒకటేగా విజ్జీ" అన్నాడు అతను. ఆ మాట అప్పుడు తియ్యగానే ఉంది. ఇద్దరూ ఒకటైతే ఆ ఒకరి పేరు విజేత ఎందుకు కాకూడదో ఆమెకు అప్పుడు తట్టలేదు. ఏళ్ళు గడిచాక తట్టింది గానీ, అప్పటికి అడగడానికి ఆలస్యమైందనిపించింది.

ఈసారి నాటిక 'నూకాలు' అని కమిటీ తీర్మానించింది. పిల్లలంతా సినిమా చూశారు, వలసంచులు ఉండనే ఉన్నాయి, ఖర్చు కలిసొస్తుంది. విజేత రాసింది. పొద్దున వంటకూ బస్సుకూ మధ్య, ఆఫీసులో లంచ్ టైములో, ఫోన్లోనే రాసింది. పుస్తకంలో నూకాలుకు అమ్మ లేదు, సినిమాలోనూ లేదు. విజేత ఒక అమ్మను పెట్టింది. ఆ అమ్మ పొద్దస్తమానం చేపలు కోసి, ఉప్పు పట్టి, ఎండబెట్టి, పడవ రాని సాయంత్రం గుడిసె గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంటుంది. ఒడ్డున ఉన్నవాళ్ళు 'మీ అమ్మేదీ' అని అడిగితే నూకాలు చెప్పే జవాబు ఒక్కటే. అమ్మ అలసిపోయింది. తర్వాత పిల్ల ఇసకలో కూచుంటుంది. అల అల్లుతుంది.

జయదేవ్ చదివి కళ్ళజోడు తీశాడు. "బాగుంది. కానీ ఈ అల ఏంటి మళ్ళీ? అచ్చుతప్పని తేలిపోయిందిగా."

"తేలింది. నేను అలే రాశాను."

"జనం నవ్వుతారు విజ్జీ. వీరభద్రరావుగారు అందరికంటే ముందు నవ్వుతాడు. వల చెయ్యి."

"చెయ్యను."

ఆ మాట అతను విన్నాడో లేదో. "సర్లే, నువ్వు బిజీ. నేనే మార్చుకుంటాలే. కంప్యూటర్లో ఒక్క నొక్కుడు, అన్నిచోట్లా మారిపోతుంది" అన్నాడు. అత్తగారు టీవీ వైపు చూస్తూనే అంది, "మొగుడు చెప్పింది మంచికేనమ్మా. ఎగతాళి అయ్యేది వాడేగా, పేరు వాడిది." ఆవిడ దెప్పాలని అనలేదు. ఉన్నమాటే అంది. అందుకే అది లోపలికి దిగి, రెండు రోజులు అక్కడే తిరిగింది. పేరు వాడిది.

మూడో రోజు జయదేవ్ ఆఫీసు నుంచి ఫైలు పంపాడు. 'ప్రూఫ్ చూసి నేరుగా ఖాదర్‌వలికి పంపెయ్. నాకు మీటింగ్ ఉంది. అచ్చుతప్పులు లేకుండా చూడు, నువ్వు ప్రెస్సాయన కూతురివిగా' అని కింద రాశాడు. ఖాదర్‌వలి కదిరివాడు, రువీలో ప్రింటింగ్ షాపు నడుపుతాడు, సంఘం పనులన్నీ అతనివే. విజేత లంచ్ డబ్బా పక్కకు జరిపి ఫైలు తెరిచింది.

మొదటి పేజీలోనే నూకాలు వాళ్ళ నాన్నతో "వలాగే నాన్నా" అంది. విజేతకు అర్థం కాలేదు. కింద ఒక ముసలాయన "వాడికి ఆలస్యం వలవాటేగా" అన్నాడు. నూకాలు తమ్ముడు వలిగి మూల కూచున్నాడు. అప్పుడు తెలిసింది. ఒక్క నొక్కుడుతో జయదేవ్ అలలన్నిటినీ వలలు చేశాడు. అల అన్న రెండక్షరాలు ఏ మాట మొదట ఉన్నా కంప్యూటర్ వదల్లేదు. విజేత నవ్వింది. పక్క బల్లవాళ్ళు తిరిగి చూసేలా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుని పేజీ తిప్పింది.

ఒడ్డున ఉన్నవాళ్ళు అడుగుతున్నారు. మీ అమ్మేదీ? నూకాలు చెబుతోంది. అమ్మ వలసిపోయింది.

నవ్వు ఆగింది. ఆమె ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది. వలసపోయింది అని చదువుకుంది. అలా చదువుకోమని ఎవరూ చెప్పలేదు. మస్కట్‌కి వలస వచ్చింది జయదేవ్ అని ఇన్నేళ్ళూ అనుకుంది. అతని ఉద్యోగం, అతని వీసా, దాని మీద ఆమె. తను వెంట వచ్చిన మనిషి, అంతే. కానీ అలసిపోయిన మనిషి ఇంట్లోనే ఉంటుంది, వలసపోయిన మనిషి ఇంట్లో ఉన్నా ఉండదు. చేప కోసేది, వడ్డించేది, ప్రూఫులు చూసేది, చార్టులు గీసేది ఒకరు ఇక్కడే ఉన్నారు. కాగితం మీద బోర్లా పడుకుని లేవనన్నది ఎటు పోయింది? ఎవరూ పంపలేదు. 'ఇద్దరం ఒకటేగా' అన్నప్పుడు ఊరుకుంటే పోయింది. మూడోసారి నవ్వకపోయినా ఎవరూ చూడలేదని సర్దుకుంటే పోయింది. అంతా కలిపి పెద్ద ప్రయాణమేమీ కాదు. వెనక్కి నడిచి రావచ్చు. వెనక్కి నడవడం ఆమెకు ఐదేళ్ళప్పుడే వచ్చు.

ఆమె జయదేవ్ ఫైలు మూసేసింది. తను రాసిన ఫైలు తీసి మొదటి నుంచి చివరిదాకా చదివింది. అల అన్నచోటల్లా అల ఉంది. అమ్మ అలసిపోయింది. ఒకచోట అక్షరానికి కొమ్ము ఎగిరిపోతే పెట్టింది. పైన పేర్లు రాయాల్సినచోటికి వచ్చింది. దర్శకత్వం జయదేవ్‌కే ఉంచింది. రిహార్సల్స్‌లో కుర్చీలు వేయించేదీ, పిల్లల్ని వరసలో నిలబెట్టేదీ అతనే, అది అబద్ధం కాదు. రచన అన్నచోట టైపు చేసి, ఖాదర్‌వలికి పంపి, కంటెయినర్ల కాగితాల్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం విజేత చపాతీ పిండి కలుపుతోంది. జయదేవ్ హాల్లో న్యూస్ చూస్తున్నాడు. పక్కన శేషుకుమారి వత్తులు చేసుకుంటోంది. గట్టు మీద ఫోన్ మోగింది. రెండు చేతులకూ పిండి. మోచేత్తో స్పీకర్ నొక్కింది.

"అక్కా, ఖాదర్‌వలిని. మీరు పంపిన ఫైలు చూసినా. అచ్చుకు ఎక్కించే ముందర రెండు మాటలు అడుగుదామని."

"అడగండి."

"అన్నిచోట్లా అల అనే ఉంది. అది కరెక్టే కదక్కా? సినిమాలో వల కదా."

"కరెక్టే. అలే."

హాల్లో టీవీ శబ్దం తగ్గింది.

"సరే అక్కా. ఇంగోటి, రచన అన్నకాడ ఎప్పుడూ సార్ పేరు వస్తాండె. ఈ తూరి మీ పేరు వచ్చింది. అచ్చుతప్పేమో, సార్‌ను అడుగుదామా అనుకుని, మళ్ళీ మీకే చేసినా."

జయదేవ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో రిమోట్ ఉంది. అతని వెనక అత్తగారి వేళ్ళు వత్తి మీద ఆగిపోయాయి. విజేత పిండిలోంచి చేతులు తియ్యలేదు. వేళ్ళు వాటి పని అవి చేసుకుంటున్నాయి. ఆమె గుమ్మం వైపు ఒకసారి చూసి, ఫోన్ వైపు వంగింది.

"సార్‌ని అడగక్కర్లేదు ఖాదర్‌వలీ. ఇది అచ్చుతప్పు కాదు. ఇన్నేళ్ళూ వేసినవే అచ్చుతప్పులు. కానివ్వండి, వేసెయ్యండి."